ఆవగింజంత పుట్టగొడుగు

అనగనగా ఒక అడవి, ఆ అడవిలో ఒక వాగు. వాగు మీదికి వంగిన తుమ్మచెట్టుకి సింగన్న అనే గిజిగాడు గూడు అల్లుతున్నాడు. అల్లుతున్నాడని పేరుకే. ఒక పోచ దూర్చి, పిచ్చుకల పోట్లాట చూడ్డానికి వెళ్ళేవాడు. ఇంకో పోచ దూర్చి, తూనీగ వెంట పడేవాడు.

"తొలకరి పడింది. గుడ్లు పెట్టే వేళయింది. గూడు సగం కూడా లేదు. నీ నెత్తి మీద పెట్టనా?" అంది భార్య పైడమ్మ.

సింగన్నకి సిగ్గేసింది. "నా మనసు ఒకచోట నిలవదే, ఏం చెయ్యను?" అన్నాడు.

"మనసు సంగతి తరవాత చూద్దాం. ముందు ముక్కు కదిలించు."

సింగన్నకి ఆ సలహా మరీ మామూలుగా అనిపించింది. అందుకని శాంతయ్య దగ్గరికి వెళ్ళాడు.

శాంతయ్య ఒక ఉడుము. రోజంతా వాగు ఒడ్డున బండ మీద కళ్ళు సగం మూసి పడుకుంటాడు. ఎండ కాచుకోవడాన్ని ఆయన ధ్యానం అంటాడు. బండ పక్కనే ఏనుగు లద్దె మీద పుట్టగొడుగులు మొలిచాయి.

"రోజూ పొద్దున్నే ఆవగింజంత ముక్క. మత్తు రాదు నాయనా, మనసు కుదురుతుంది," అన్నాడు శాంతయ్య.

చుట్టూ శిష్యులున్నారు. "నక్క వస్తే నేనిప్పుడు పారిపోవడం లేదు. నా భయాన్ని కూర్చోబెట్టి పలకరిస్తున్నాను," అంది కుందేలు. దానికి అప్పటికే తోక లేదు. "నేను తిన్నగా నడుస్తున్నాను," అంటూ ఎండ్రకాయ పక్కకి నడిచి వెళ్ళింది.

సింగన్న ముక్క కోసం నోరు తెరిచాడు.

మొదటి రోజు ఒక్క గడ్డిపోచని సాయంత్రం దాకా చూశాడు. ఇంత ఏకాగ్రత తన జన్మలో లేదనుకున్నాడు. రెండో రోజు ఒకే ముడి వేసి, విప్పి, మళ్ళీ అదే వేశాడు. "ఎంత బాగుందో చూడు," అన్నాడు. "ముడిలో గుడ్లు పెట్టమంటావా?" అంది పైడమ్మ.

మూడో రోజు ఆవగింజంత చాల్లేదు. "ఆవగింజల్లో పెద్దవీ ఉంటాయి," అని శాంతయ్య శనగగింజంత ముక్క పెట్టాడు. సింగన్న పాడుకుంటూ వచ్చి గూడు అల్లేశాడు. కిందికి వేలాడే గొట్టం మాత్రం అల్లలేదు.

"గొట్టం లేకపోతే పాకే జంతువులు లోపలికి రావూ?" అంది పైడమ్మ.

"గోడలన్నీ మన మనసులోనే ఉన్నాయి పైడీ. అడవంతా ఒకటే కుటుంబం."

పైడమ్మకి ఆగే ఓపిక లేదు. ఆ గూట్లోనే గుడ్లు పెట్టింది. మర్నాడు మగణ్ణి కాపలా పెట్టి మేతకి వెళ్ళింది.

సింగన్న నీళ్ళ మీద మెరుపులు చూస్తూ కూర్చున్నాడు. ఇంతలో శాంతయ్య చెట్టెక్కి వచ్చాడు. "అయ్యా, మా ఇంటికి మీరే వచ్చారా," అని సింగన్న సంబరపడి పక్కకి జరిగాడు. "వచ్చాను నాయనా," అని శాంతయ్య గూట్లో తల పెట్టాడు. పెంకులు నీళ్ళలో రాలాక గాని సింగన్నకి సంగతి అర్థం కాలేదు.

"మనసు కుదురుతుందన్నారు కదయ్యా," అన్నాడు సింగన్న.

"కుదిరిందిగా. ఇంత ఒళ్ళేసుకుని నేను చెట్టెక్కుతుంటే నువ్వు ఒక్కసారైనా కంగారుపడ్డావా?"

"మీరూ రోజూ తింటారుగా?"

"పుట్టగొడుగులా? నేను తింటానని ఎప్పుడన్నాను?" అని శాంతయ్య మూతి తుడుచుకుని దిగిపోయాడు.

పైడమ్మ వచ్చి గూట్లోకి చూసింది. వెళ్ళి పక్క కొమ్మ మీద అటు తిరిగి కూర్చుంది. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది సింగన్నకి.

"బాధని మబ్బులా చూడు, అదే పోతుంది," అని కింద నుంచి కుందేలు ఓదార్చింది. సింగన్న దిగి దాని చెవి మీద పొడిచాడు.

తరవాత ఆ గూడు పీకేసి మళ్ళీ మొదలుపెట్టాడు. మెడ నొప్పి పుట్టింది. విసుగొచ్చింది. మనసు వందచోట్లకి వెళ్ళింది. వెళ్తే వెళ్ళనిచ్చి అల్లుతూనే ఉన్నాడు. గొట్టం మూరెడు వేలాడాక పైడమ్మ వచ్చి దాన్ని పట్టుకుని లాగి చూసింది. అది తెగలేదు. లోపలికి వెళ్ళి కూర్చుంది.

"అలిసిపోయావు నాయనా, కాసేపు నా దగ్గరికి రారాదూ?" అని కింద నుంచి శాంతయ్య పిలిచాడు.

సింగన్న నోటినిండా గడ్డి ఉంది.

నీతి: మనసు కుదిరే మందు ఎవరైనా ఇస్తే, ఇచ్చేవాడి ఆకలి ఏమిటో ముందు కనుక్కోవాలి.