పసుపు సభకు అయిదుగురు

పసుపు పంటకు పేరుబడ్డ ఒకానొక రాజ్యాన్ని రణధీరభూపతి ఏలుతుండేవాడు. ఆయన కొలువులో ముకుందప్ప అనే ముసలి లేఖకుడుండేవాడు. ముగ్గురు రాజుల కాలం చూసినవాడు. హాస్యం మిగిలింది గాని ఓపిక మిగల్లేదు.

ఆ రాజ్యంలో పసుపు అమ్మాలంటే ముందు పసుపు సభ చూసి "ఎండింది" అనాలి. "పచ్చి" అంటే బండి వెనక్కి తిప్పుకోవాల్సిందే. సభకు అయిదుగురు సభ్యులు. వాళ్ళను నియమించేది రాజుగారు. ఆ ఏడు రాజుగారి బావమరిది, ఆస్థాన కవి, గజశాల అధికారి, ఇద్దరు దూరపు చుట్టాలు సభ్యులయ్యారు. పొలం గట్టు తొక్కినవాడు ఒక్కడూ లేడు.

నీలవ్వ అనే రైతు పసుపును వాళ్ళు మూడుసార్లు తిప్పి పంపారు. ఎండినదాన్నే మళ్ళీ మళ్ళీ ఎండబెట్టింది. మూడోసారి ఆమె తిన్నగా ముకుందప్ప ఇంటికొచ్చి అరుగు మీద కూలబడింది.

"ఇంకెంత ఎండబెట్టాలయ్యా? నేనే ఎండిపోయాను" అంది.

ముకుందప్ప ఆమె తెచ్చిన పసుపులోంచి ఒక కొమ్ము తీసుకుని విరిచాడు. టక్కుమంది. ఆ రెండు ముక్కలూ ఉత్తరీయంలో చెరో చెంగుకూ ముడేసుకుని కొలువుకు బయలుదేరాడు.

"ప్రభూ, పసుపు సభలో పసుపు తెలిసినవాళ్ళు లేరు" అన్నాడు.

రాజుకు కోపం వచ్చింది. "నేను ఏరినవాళ్ళకు తెలియనిదంటూ ఉంటుందా? తెలియదని ఋజువు చెయ్యి. వాళ్ళను ఒక్క మాట అనకుండా చెయ్యాలి. చేతకాకపోతే కొలువు విడిచి పో!"

"ఈ వయసులో అది శిక్షో వరమో తేల్చుకోలేకపోతున్నాను. సరే, వాళ్ళను పిలిపించండి."

అయిదుగురూ వచ్చి వరసగా నిలబడ్డారు. ముకుందప్ప ఒక చెంగు ముడి విప్పి, అందులోని ముక్కను రాజుకిచ్చాడు.

"తమరు కాస్త కొరికి చూడండి ప్రభూ."

రాజు కొరికాడు. చేదుకు మొహం చిట్లించాడు.

"సభ్యులారా, ఇది ఎండిందా, పచ్చిదా?"

"పచ్చి!" అన్నాడు బావమరిది. "పచ్చి, పచ్చి!" అన్నారు మిగతా నలుగురూ.

ముకుందప్ప రెండో చెంగు ముడి విప్పాడు. "ప్రభూ, ఈ ముక్క రంగు చూస్తే పట్టాభిషేకం నాటి తమ మేనిఛాయ గుర్తొస్తోంది."

రాజు మీసం దువ్వుకుని మురిసిపోయాడు.

"మరి ఇదో?" అని ముకుందప్ప సభ్యులను అడిగాడు.

"ఆహా, గలగలలాడే ఎండు!" అన్నారు అయిదుగురూ ఒక్క గొంతుతో.

ముకుందప్ప తన ముక్కను రాజు చేతిలోని ముక్కకు ఆనించి పట్టుకున్నాడు. అతుకు అతికినట్టు సరిపోయింది. ఒకటే కొమ్ము!



"వీరి తప్పేం లేదు ప్రభూ. తమ మొహం చూడటానికి నియమించారు, చూస్తున్నారు. ఆ పనికి అయిదుగురెందుకు? ఒక్క అద్దం చాలు."

రాజు ఎర్రబడ్డాడు. చేతిలోని ముక్కను, బావమరిది మొహాన్ని మార్చి మార్చి చూశాడు. ఉన్నట్టుండి పగలబడి నవ్వాడు. చేతి కడియం తీసి ముకుందప్పకు తొడిగి, "ఇద్దరిని తీసేస్తున్నాను. ఆ చోట్లలో ఎవరుండాలో నువ్వే చెప్పు. మా బావమరిది జోలికి మాత్రం పోకు, అంతఃపురంలో నాకు అన్నం పుట్టదు" అన్నాడు.

ముకుందప్ప రెండు పేర్లు రాసిచ్చి, కాళ్ళీడ్చుకుంటూ ఇల్లు చేరాడు. నీలవ్వ ఇంకా అరుగు మీదే ఉంది.

"రేపటినుంచి నువ్వూ సభ్యురాలివే అవ్వా. మీ ఊరి ఓబయ్య కూడా."

"తక్కిన ముగ్గురూ?"

"వాళ్ళే."

"వాళ్ళు రాజుగారి మొహం చూసి గదయ్యా చెప్పేది!"

"రాజుగారు ఆ సభకు ఏనాడూ రారు" అన్నాడు ముకుందప్ప, అరుగు మీద నడుం వాలుస్తూ. "ఇకనుంచి వాళ్ళు మీ ఇద్దరి మొహాలే చూసి చెబుతారు."