పేరయ చంకలోని తాటాకులు

విరూపాక్షుడు ఏడాదిపాటు గంటం అరగదీసి ఒక శాస్త్రగ్రంథం రాశాడు. కలలన్నీ పాత జ్ఞాపకాలే, కొత్తగా ఏదీ కలలోకి రాదని అతని సిద్ధాంతం. రాబోయే పౌర్ణమికి దాన్ని పండితసభలో చదవాలి. సభ మెచ్చితే పాఠశాలలో ఉపాధ్యాయ పదవి, లేకపోతే మూటాముల్లె సర్దుకుని ఊరికి పోవడమే.

ఒకసారి చూడమని గ్రంథాన్ని గురువు మల్లంభట్టు చేతిలో పెట్టి నెలయింది. ఎప్పుడడిగినా "చూస్తున్నాను" అంటాడాయన. చూడటానికి నెల పడుతుందా? విరూపాక్షుడికి అన్నం సయించడం లేదు.

ఒక సాయంత్రం పేరయ గురువుగారి గుమ్మం ఎక్కుతూ కనిపించాడు. కలలు జ్ఞాపకాలు కావని ఊరంతా వాదిస్తూ తిరిగే మనిషి పేరయ. అతని చంకలో తాటాకులున్నాయి. వాటి అంచులకున్న పసుపు విరూపాక్షుడు తన చేత్తో పూసిందే.

ఇన్నాళ్లూ గ్రంథం పేరయ దగ్గరుందన్నమాట. గురువే తన గుట్టు శత్రువుకి చేరవేశాడన్నమాట. విరూపాక్షుడికి ఒళ్లు మండిపోయింది. మర్నాడు పొద్దున్నే వెళ్లి, నమస్కారం కూడా పెట్టకుండా నిలబడ్డాడు.

"నా గ్రంథం పేరయకిచ్చారా?"

"ఇచ్చాను."

"సభలో నన్ను పడగొట్టడానికా?"

మల్లంభట్టు నొచ్చుకోలేదు. లోపలికి వెళ్లి కట్ట తెచ్చి, దారం విప్పి ముందు పెట్టాడు. విరూపాక్షుడు దొంగసొత్తు సోదా చేసినట్టు ఒక్కొక్క ఆకే తిప్పాడు. అన్నీ ఉన్నాయి, ఒక్కటి తప్ప.

శాస్త్రం రాసేవాడు ముందు ఎదుటివాడి వాదం చెప్పి, తర్వాత దాన్ని ఖండించాలి. ఆ వాదాన్ని విరూపాక్షుడు ఒకే ఒక్క ఆకులో తేల్చేశాడు: కలలో ఏనుగు ఎగిరింది కనుక ఏనుగులకు రెక్కలున్నాయట. రాసిన రోజు తనే పడీపడీ నవ్వుకున్నాడు. లేనిది ఆ ఆకే. దాని చోట పదకొండు కొత్త ఆకులున్నాయి, పేరయ చేతిరాతతో.

"ఎదుటివాడి మాట ఎదుటివాడినే రాయమన్నాను," అన్నాడు గురువు.

విరూపాక్షుడు చదివాడు.

"నేను పుట్టినరోజే మా అమ్మ పోయింది. కలలో ఒకామె కనిపించి నన్ను ఎత్తుకుంది. ఆమె ఎడమ చెంపన మచ్చ ఉందని చెబితే మా మేనత్త ఏడ్చేసింది. మా అమ్మ మచ్చ గురించి అంతవరకు నాకెవరూ చెప్పలేదు. ఇది ఎవరి జ్ఞాపకం?"

చివరి ఆకు దాకా వెళ్లి మళ్లీ మొదటికొచ్చాడు. తన గ్రంథమంతా వెతికినా దీనికి జవాబు లేదు. గురువును అనుమానించినందుకు సిగ్గేసింది. అంతకన్నా ఎక్కువగా భయమేసింది.

"సభకు తొమ్మిది రోజులే ఉన్నాయి గురువుగారూ," అన్నాడు.

మల్లంభట్టు ఒక ఖాళీ ఆకు అతని ముందుకు జరిపాడు.

"ఏడాదిగా నీకు ఎదురు చెప్పేవాడు లేడు నాయనా. ఇప్పుడొచ్చాడు. రాయి."