తవిటమ్మ చెప్పిన మూడు మాటలు

అనగా అనగా, సముద్రం ఇంకా ఇంత ముందుకి రాని రోజుల్లో, ఇప్పుడు అలలు విరుగుతున్న చోట ఒక ఊరుండేది. ఊ కొట్టేవాళ్ళు ఊ కొట్టండి. కొట్టనివాళ్ళు దవడ మీద చెయ్యి వేసుకుని వినండి. ఇది దవడ కథ.

ఆ ఊళ్ళో మగవాళ్ళు సముద్రం మీద చేపల వేటకి వెళ్ళేవారు. ఆడవాళ్ళు ఉప్పుమడుల్లో పని చేసేవారు. ఆడవాళ్ళంతా అడ్డపొగ కాల్చేవారు. అడ్డపొగ అంటే చుట్టని తిరగేసి, నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని పీల్చడం. సముద్రపు గాలికి నిప్పు ఆరిపోకుండా ఉంటుందని ఎవరో మొదలుపెట్టారు, అందరికీ అలవాటైపోయింది. అందుకని ఆ ఊళ్ళో నోళ్ళు బాగుండేవి కావు. పుచ్చిన పళ్ళు, వాచిన చిగుళ్ళు. పంటి బాధ పగవాడికి కూడా వద్దంటారు గానీ, అక్కడ పగవాళ్ళకీ ఉండేది, అయినవాళ్ళకీ ఉండేది.

ఆ ఊళ్ళో పళ్ళు పీకేవాడు గవరయ్య. ఇంటి ముందు ఒక తాటిదుంగ. దాని మీద మనిషిని కూర్చోబెట్టేవాడు. గవరయ్య భార్య తవిటమ్మ వెనక నిలబడి, ఆ మనిషి తలని తన కడుపుకి అదిమి పట్టుకునేది. గవరయ్య పట్టకారుతో పీకేవాడు. తల పట్టుకోవడం తప్ప తవిటమ్మకి వేరే పని లేదు, వేరే మాటా లేదు.

తవిటమ్మకి ఆ పేరెందుకు వచ్చిందో చెప్పాలి. ఆమెకి ముందు పుట్టిన ముగ్గురూ దక్కలేదు. ఈమె పుట్టగానే తల్లి చేటలో పడుకోబెట్టి పొరుగామెకి ఇచ్చేసి, మళ్ళీ తవుడు పోసి కొనుక్కుంది. తవుడికి కొన్న పిల్లంటే చావుకి కూడా లోకువేనని, జోలికి రాదని నమ్మకం. పిల్ల బతికింది. ఆ ధైర్యంతో తరవాత పుట్టిన పిల్లకి పైడి అని పేరు పెట్టుకున్నారు. అక్క తవుడు, చెల్లెలు బంగారం. తవిటమ్మకి పిల్లల్లేరు. ఉన్న ప్రేమంతా ఆ చెల్లెలి మీదే.

గవరయ్య చెడ్డవాడు కాదు. కానీ పళ్ళు పీకే ముందు అందరికీ ఒకే పాట పాడేవాడు.

"ఏటీ అవదు. సీమ కుట్టినట్టుంటాది. ఇంటికెల్లి గంజి తాగి తొంగో."

వాళ్ళ నాన్న అలాగే చెప్పేవాడు, వాళ్ళ తాత అలాగే చెప్పేవాడు. నిజం చెప్తే మనిషి లేచి పారిపోతాడని వాళ్ళ భయం. వచ్చినవాళ్ళకీ ఆ మాటే కావాలి. రోగి కోరిందీ పాలే, వైద్యుడిచ్చిందీ పాలే. అలా ఏళ్ళు గడిచాయి.

ఒక ఎండాకాలం పైడికి వెనక దవడ పన్ను సలపడం మొదలుపెట్టింది. బుగ్గ పట్టుకుని బావ దగ్గరికి వచ్చింది. నొప్పెడతాదా బావా అని అడిగింది. గవరయ్య తన పాట తను పాడాడు. ఏటీ అవదు, సీమ కుట్టినట్టుంటాది, ఇంటికెల్లి గంజి తాగి తొంగో. తవిటమ్మ చెల్లెలి తల పట్టుకుంది. పన్ను వచ్చింది. పైడి కళ్ళు తుడుచుకుని అత్తారింటికి వెళ్ళిపోయింది.

మర్నాడు బుగ్గ వాచింది. ఆ మర్నాడు వాపు గడ్డం కిందకి దిగింది. ఒళ్ళు కాలిపోతోంది. పైడి అత్త ఆలోచించింది. పన్ను పీకిన గవరయ్య ఏమీ అవదని చెప్పాడు. ఆయన చెప్పాడంటే ఏమీ అవకూడదు. మరి ఇలా అయిందంటే ఇది పంటి వల్ల వచ్చింది కాదు, అమ్మోరు వచ్చింది. అలా అనుకుని పసుపు రాసి, గుమ్మానికి వేపకొమ్మ కట్టి, తలుపు మూసేసింది. అమ్మోరు ఉన్న ఇంట్లోకి ఎవరూ వెళ్ళకూడదు, బయటికి ఎవరూ రాకూడదు, పేరు పెట్టి పిలవకూడదు. అది ఆ ఊరి కట్టడి.

తవిటమ్మ గంజిముంత పట్టుకుని చెల్లెల్ని చూడ్డానికి వెళ్ళింది. గుమ్మానికి వేపకొమ్మ కనపడింది. అక్కడే ఆగిపోయింది. లోపల్నుంచి ఏదో చప్పుడు వినిపించింది, ఎవరో నీళ్ళు మింగలేక అవస్థ పడుతున్నట్టు. పిలవబోయి, తప్పని నోరు నొక్కుకుంది. ముంత గుమ్మం పక్కన పెట్టి, వేపకొమ్మకి దణ్ణం పెట్టి, వెనక్కి తిరిగి వచ్చేసింది.

మూడో రోజు తలుపు తీశారు. అప్పటికి పైడి లేదు.

ఒంటికి నీళ్ళు పోసింది తవిటమ్మే. గడ్డం కింద చెయ్యి వేసి చూస్తే కొయ్యలా గట్టిగా ఉంది. ఎన్నో తలలు పట్టిన చేతులు అవి. అలాంటి వాపులు అంతకు ముందు కూడా ఆ చేతులకి తగిలాయి, కాకపోతే ఆ మనుషులు దుంగ దాకా వచ్చారు, గవరయ్య కోసి చీము తీశాడు, బతికారు. పైడి రాలేదు. ఎందుకు రాలేదో తవిటమ్మకి అప్పుడు అర్థమైంది. రావాలని పైడికి ఎవరూ చెప్పలేదు.

ఇంటికొచ్చి మొగుడితో ఒకే మాట అంది. "అమ్మోరు కాదు మావా. పన్ను."

అంతా తలరాత అన్నాడు గవరయ్య. ఇంకేం అంటాడు పాపం.

తవిటమ్మ గట్టిగా ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది. తల పట్టమంటే పట్టేది, అంతే. ఒక రోజు మాత్రం ఇంట్లోంచి పీట తెచ్చి, దుంగకి ఎదురుగా వేసుకుని కూర్చుంది. అప్పుడు దుంగ మీద ఉన్నవాడు బోడన్న. ఒక్కడే సొరచేపని ఒడ్డుకి ఈడ్చిన మనిషి. తవిటమ్మ అతని చెయ్యి పట్టుకుంది.

"జరిగేది సెప్తాను, ఇను," అంది. "నొప్పెడతాది. సీమ కుట్టినట్టు కాదు, గట్టిగానే. తలకాయలో కటుక్కుమని సప్పుడొస్తాది. అది ఎముక ఇరిగిన సప్పుడు కాదు, పన్ను వదిలిన సప్పుడు. అది ఒకటో మాట. తరవాత నెత్తురొస్తాది. ఉడకబెట్టిన గుడ్డముద్ద ఇస్తాను, కొరికి పట్టుకో. ఉమ్మకు, పొగ తాగకు. గుంటలో నెత్తురు గడ్డ కట్టాల, అదే మందు. అది రెండో మాట. రేపు వాస్తాది, ఎల్లుండి ఇంకా వాస్తాది, ఆ మర్నాటికి తగ్గాల. తగ్గకుండా మెడకి దిగినా, మింగుడు పడకపోయినా, అర్ధరేతిరైనా సరే లేచొచ్చీ. అది మూడో మాట."

బోడన్న లేచి పారిపోయాడు.

గవరయ్యకి ఒళ్ళు మండింది. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు, నువ్వు నీ నోటితో ఊరిని తోలేస్తున్నావని తిట్టాడు. తవిటమ్మ పీట తియ్యలేదు. సొరచేపని ఈడ్చినవాడు పారిపోయాడు గానీ, పన్ను అతనితోపాటే పరిగెత్తింది. రెండు రోజులకి తిరిగొచ్చి దుంగ మీద కూర్చుని, తవిటమ్మని అక్క వరసతో పిలిచి, అప్పా, ఆ మాటలు మళ్ళీ సెప్పు అన్నాడు. చెప్పింది. ఈసారి పన్ను వచ్చేదాకా కదలలేదు. ఏం రాబోతుందో తెలిసినవాడు కదలడని గవరయ్య మొదటిసారి చూశాడు.

తరవాత నరసమ్మ అని ఒక ముసలామె వచ్చింది. ఆమెకి చెప్పింది. జరిగేది సెప్తాను, ఇను. ముసలామె మూడు మాటలూ విని ఏడ్చింది. ఏడుస్తూనే నోరు తెరిచింది.

ఆ తరవాత కుమ్మరి వాళ్ళ కోడలు వచ్చింది, చంటిపిల్ల తల్లి. ఆమెకీ చెప్పింది. పన్ను పీకించుకుని వెళ్ళింది. మూడో నాటికి వాపు తగ్గలేదు. మెడకి దిగింది. అత్త వేపకొమ్మ విరుచుకొచ్చింది, గుమ్మానికి కట్టబోయింది. కోడలికి మాట పెగలడం లేదు. అయినా లేచి అత్త చెయ్యి పట్టుకుని, తవిటమ్మ ముందే సెప్పినాది అని సైగలతోనే చెప్పి, దవడ పట్టుకుని గవరయ్య ఇంటికి నడిచింది.

తవిటమ్మ మళ్ళీ పీట మీద కూర్చుంది. కత్తి నిప్పులో కాలుస్తామని, గడ్డం కింద కోస్తామని, చీము కారుతుందని, కారినకొద్దీ ఊపిరి తేలికవుతుందని చెప్పింది. గవరయ్య కోశాడు. ఆమె బతికింది. పిల్లకి పాలిచ్చింది.

ఆ రోజు గవరయ్య అన్నం తినలేదు. పైడికి నేను ఆ మాట చెప్పి ఉంటే, అని మొదలుపెట్టి ఆపేశాడు. తవిటమ్మ కూడా నేను ఆ తలుపు తోసి ఉంటే అనుకుంది, పైకి అనలేదు. ఇద్దరూ ఒకే దుంగ మీద చెరో పక్కకి తిరిగి కూర్చున్నారు.

అప్పట్నుంచీ ఎంతమంది వచ్చినా పీట ముందు, పట్టకారు తరవాత. పక్క ఊళ్ళ వాళ్ళూ వచ్చేవారు. నొప్పి తగ్గిందా అంటే తగ్గలేదు. భయం తగ్గింది.

ఇక్కడితో కథ ఆపెయ్యాలని నాకూ ఉంది. కానీ నిజం చెప్పిన మనిషి కథని సగంలో ఆపితే ఆమెకే తప్పు చేసినట్టు.

తవిటమ్మ కూడా అడ్డపొగ కాల్చేది. ఒకనాడు అంగిట్లో గరుకు మచ్చ తగిలింది నాలుకకి. కొన్నాళ్ళకి పుండయింది. నోరు తెరిచి మొగుడికి చూపించింది. గవరయ్య చూశాడు. అలాంటి పుళ్ళు చాలా చూసినవాడు. చూసి, "ఏటీ అవదు" అన్నాడు.

పుండు పెద్దదైంది. మళ్ళీ చూపించింది. పొగ వేడికి పొక్కినాది, సీమ కుట్టినట్టుంటాది, తగ్గిపోతాది అన్నాడు.

మళ్ళీ కొన్నాళ్ళకి పై పళ్ళు వాటంతటవే కదిలాయి. మూడోసారి చూపించింది. గవరయ్య సరిగా చూడను కూడా లేదు. గంజి తాగి తొంగో అన్నాడు.

తవిటమ్మ మొగుడి మొహంలోకి చూసింది. "పైడికి సెప్పిన పాటే నాకూ పాడతన్నావా మావా?"

గవరయ్య లేచి లోపలికి వెళ్ళాడు. వచ్చేటప్పుడు చేతిలో పీట ఉంది. దుంగకి ఎదురుగా వేసుకుని కూర్చున్నాడు. ఆ పీట మీద ఆయన ఎప్పుడూ కూర్చోలేదు. భార్య చెయ్యి పట్టుకున్నాడు.

"జరిగేది సెప్తాను, ఇను," అన్నాడు. "ఇది తగ్గీది కాదు. నాను పీకడానికీ లేదు, కొయ్యడానికీ లేదు. కొన్నాల్లకి అంగిలికి సిల్లు పడతాది. తాగిన నీల్లు ముక్కులోంచి వస్తాయి. అది ఒకటో మాట. నీ మాట ముద్దయిపోతాది, ఎవరికీ తెలీదు. నాకు తెలుస్తాది, నాను సెప్తాను. అది రెండో మాట."

మూడో మాట రాలేదు. తవిటమ్మే అడిగింది, మూడోది ఏటి అని.

"నువ్వెల్లిపోతావు," అన్నాడు గవరయ్య. "అప్పుడు నీ తలకాయ నా ఒల్లో ఉంటాది. తలుపు తీసే ఉంటాది."

తవిటమ్మ ఊపిరి వదిలింది. ఆమె మొహంలో ఆ రోజు వెలుగేమీ రాలేదు, అలా వచ్చిందని చెప్తే అబద్ధం. భుజాలు మాత్రం కిందకి దిగాయి, బరువైన ఉప్పు తట్ట దించినట్టు. పర్వాలేదు మావా, ఇప్పుడు తెలిసింది కదా అంది.

ఆయన చెప్పినట్టే అన్నీ జరిగాయి. నీళ్ళు ముక్కులోంచి వచ్చాయి. మాట పోయింది. దుంగ మీద కూర్చున్నవాళ్ళకి తవిటమ్మ వేళ్ళతో చూపిస్తే గవరయ్య పైకి చెప్పేవాడు. ఒక రోజు పొద్దెక్కాక, తీసి ఉన్న తలుపులోంచి ఎండ లోపలికి వస్తుండగా, ఆమె తల ఆయన ఒళ్ళో ఉండగా, తవిటమ్మ పోయింది. తవుడికి కొన్న పిల్ల కోసం అంతటి మనిషి వెక్కి వెక్కి ఏడ్చాడు.

గవరయ్య తరవాత పళ్ళు పీకిన వాళ్ళంతా పీట వేసుకున్నారు. ఆ ఊరిని సముద్రం తినేసింది, దుంగ పోయింది, పీట పోయింది. జనం ఇవతలికొచ్చి ఇళ్ళు కట్టుకున్నారు. అడ్డపొగ మాత్రం మానలేదు. తవిటమ్మని మింగింది అదేనని తెలిసి కూడా మానలేదు. మనుషులంతే.

ఇప్పుడు పట్నంలో ఆస్పత్రులున్నాయి, మత్తు సూదులున్నాయి. అయినా ఆ తీరం వాళ్ళు డాక్టరు కుర్చీలో కూర్చుని ఒక పట్టాన నోరు తెరవరు. ముందు తవిటమ్మ మాట సెప్పండి బాబూ అంటారు. కొత్త డాక్టర్లు తెల్లబోతారు. పాతవాళ్ళు స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుంటారు.

పన్ను పీకించుకున్న మనిషి ఉన్న ఇంటికి మూడు రోజులు తలుపు వెయ్యరు. ఎండైనా, వానైనా, తుఫానైనా వెయ్యరు. దారిన పోయేవాళ్ళు, తెలిసినా తెలియకపోయినా, పగవాళ్ళైనా, ఆ గుమ్మం దగ్గర ఆగి లోపలికి కేకేస్తారు.

"మింగుడు పడతన్నాదా?"

లోపల్నుంచి జవాబు వచ్చేదాకా అక్కణ్ణుంచి కదలరు.