మనవాళ్ళ కోసమే కూయాలి

అనగనగా ఒక అడవి. ఓ ఏడాది అక్కడ ఎండలు మండిపోయి, వాగంతా ఇసుక తేలి, ఒక్క మడుగు మాత్రం మిగిలింది. మడుగుకు తూర్పుగట్టున ఒక కొండముచ్చుల గుంపు, పడమటిగట్టున ఇంకో గుంపు. రెండు గుంపులూ ఉప్పూ నిప్పూ.

తూర్పుగట్టువాళ్ళకు ఒక ఆచారం ఉండేది. గుంపు నీళ్ళకు దిగినప్పుడు ఒకరు మద్దిచెట్టు చిటారు కొమ్మన కాపలా కూర్చోవాలి. చిరుతపులి కనబడితే "ఖర్! ఖర్!" అని కూయాలి. దానికి గుంపు పెద్ద గండయ్య షరతు ఒకటి పెట్టాడు.

"మనవాళ్ళ కోసమే కూయాలి. పరాయివాళ్ళ కోసం కూసి, మన కొమ్మ ఎక్కడుందో చిరుతకు చూపించకూడదు."

ఆ వేసవిలో సంపెంగ అనే పడుచు కొండముచ్చుకు మొదటిసారి కాపలా వంతు వచ్చింది. ఆ మాట విన్నప్పటినుంచీ దానికి కాలు ఒకచోట నిలవడం లేదు. 'అసలు ఎందుకు కూయాలి?' అని లోపల ఒకటే తొలిచేస్తోంది.

తమ్ముణ్ణి అడిగింది. "కూయకపోతే గండయ్య మామ కొరుకుతాడుగా!" అన్నాడు వాడు, తోక దాచుకుంటూ.

అత్త రాగమ్మను అడిగింది. "బాగా కూస్తే నలుగురూ మెచ్చుకుంటారే పిల్లా. మెచ్చుకుంటే చేదా ఏమిటి?" అంది అత్త.

రెండూ దానికి రుచించలేదు. చూపు ఆనని బూడిదవ్వ దగ్గరకు పరుగెత్తింది.

"నేనూ చిన్నప్పుడు కొరుకుతారనే కూశానే," అంది అవ్వ. "వయసొచ్చాక మెచ్చుకుంటారని కూశాను. పిల్లల తల్లినయ్యాక, ఆచారం తప్పితే గుంపు చెదిరిపోతుందని కూశాను."

"మరి ఇప్పుడు?"

"ఇప్పుడు చిరుత వాసన తగిలితే చాలు, గొంతు దానంతటదే లేస్తుంది. ఎందుకంటే ఏం చెప్పను? నీకే తెలుస్తుంది, పో."

సంపెంగకు ఒళ్ళు మండింది. ఇంత తిరిగీ చేతికి ఏమీ చిక్కలేదు మరి!

మర్నాడు కాపలాకు ఎక్కింది. గుంపు నీళ్ళు తాగి చెట్లెక్కేసింది. సంపెంగ దిగబోతుంటే, పడమటిగట్టు నుంచి ఒక తల్లి పిల్లను పొట్టకు హత్తుకుని భయం భయంగా మడుగు దగ్గరకు వచ్చింది. దాని వెనక పొద కదిలింది. పొదలో మచ్చలు!

సంపెంగ కొమ్మ మీద ఇటు గెంతింది, అటు గెంతింది. కూయకపోతే కొరికేవాడు లేడు. కూస్తే మెచ్చుకునేవాడూ లేడు. పైగా ఆచారం నోరు మూసుకోమంటోంది. కింద ఆ పిల్ల తడిసిన వేళ్ళు చప్పరించుకుంటోంది.

"ఖర్! ఖర్! ఖర్!"

తల్లి ఒక్క దూకున చెట్టెక్కేసింది. చిరుత పంజా నీళ్ళలో పడింది. అది తలెత్తి నేరుగా మద్దిచెట్టు వంక చూసింది.

గండయ్య కోపంతో ఊగిపోతూ వచ్చాడు. "ఎవరి కోసం కూశావే?"

"మనవాళ్ళ కోసమే మామా."

"పడమటిగట్టుది మనదెలా అయింది?"

"ఏమో మామా. చిరుత దాని మీదికి వస్తుంటే నా గుండె దడదడలాడింది. మనవాళ్ళు కాకపోతే నాకెందుకు ఆ దడ?"

గండయ్య దాని చెవి కొరికాడు. కాపలా తీసేశాడు. దానికి ఎవరూ పేలు చూడకూడదన్నాడు. సంపెంగ తన వీపు తనకందక గోక్కుంది, ఏడ్చింది, కొమ్మలన్నీ తిరిగింది. అయినా కూయకుండా ఉండాల్సిందని మాత్రం ఒక్కసారీ అనిపించలేదు.

ఒక మధ్యాహ్నం గండయ్యే కాపలా కూర్చున్నాడు. పడమటిగట్టు ముసలి కొండముచ్చు ఒకటి కుంటుకుంటూ నీళ్ళకు వచ్చింది. మళ్ళీ పొద కదిలింది. గండయ్య మూతి బిగించాడు. అటూ ఇటూ చూశాడు.

"ఖర్ర్ర్!"

ముసలిది బతికిపోయింది. గుంపంతా తలలెత్తి గండయ్యను చూసింది.

"ఏమిటా చూపులు? గొంతులో పుల్ల అడ్డంపడింది!" అని కసిరాడు గండయ్య.

సంపెంగ పకపకా నవ్వేసింది. గండయ్య చెట్టు దిగి వచ్చాడు. మళ్ళీ కొరుకుతాడేమోనని అది ముడుచుకుంది. ఆయన దాని వెనక చతికిలబడి, పేలు చూడటం మొదలుపెట్టాడు.

నీతి: దెబ్బలకు భయపడో, మెప్పుకు ఆశపడో చేసే మంచి చూసేవాళ్ళున్నంతసేపే నిలుస్తుంది; ఎదుటి ప్రాణం కోసం మన గుండె కొట్టుకున్నప్పుడు చేసే మంచే మన సొంతం.