లింగారెడ్డి పట్టిన తాడు

లింగారెడ్డికి ఆ పూట అన్నం సయించలేదు. తెల్లవారితే మఠంలో ఆరాధన పండగ. పండగలో శిష్యులంతా జడకోలాటం ఆడాలి. అది చూడ్డానికి అతని మామ, నాలుగూళ్ల మీద పెత్తనం చేసే పెద్దమనిషి, బండి కట్టించుకుని మరీ వస్తున్నాడు. అదీ వచ్చిన చిక్కు.

జడకోలాటంలో పైన దూలానికి కట్టిన రంగురంగుల తాళ్లు తలా ఒకటి పట్టుకుంటారు. పాటకు అడుగు వేస్తూ సగం మంది ఇటు, సగం మంది అటు తిరుగుతారు. ఎదురొచ్చిన ఒకరి చెయ్యి కింద వంగి దూరాలి, ఆ తర్వాతి వాణ్ణి మన చెయ్యి కింద పోనివ్వాలి. అలా తిరిగేకొద్దీ తాళ్లన్నీ జడలా అల్లుకుంటూ వస్తాయి. లింగారెడ్డికి ఎదురు తిరిగేవాళ్లలో ఓబులేసు ఉన్నాడు. లింగారెడ్డి ఇంట్లోనే గొడ్లు కాసే జీతగాడు.

లింగారెడ్డి మఠంలో తన గురువైన మునెప్పస్వామి దగ్గరికి వెళ్లి నసిగాడు.

“సామీ, మనుషులంతా ఒకటేనని మీరు చెప్తే ఒప్పుకున్నా. ఓబులేసు పక్కన కూర్చుని పాడినా, తిన్యా. కానీ రేపు మా మామ చూస్తాండంగా వాని చెయ్యి కింద దూరితే నా పరువేం కావాల? మళ్లా ఆ ఇంటి గడప ఎట్ల తొక్కేది?”

స్వామి ముసిముసిగా నవ్వాడు.

“అంతే కదా నాయనా! నువ్వు వంగొద్దులే. అందరూ నీ చెయ్యి కిందనే దూరతారు.”

లింగారెడ్డికి ప్రాణం లేచొచ్చింది. గురువంటే ఇలా ఉండాలి అనుకున్నాడు.

సాయంత్రం ఆట ఒకసారి ఆడి చూసుకున్నారు. లింగారెడ్డి చెయ్యి పైకెత్తి దర్జాగా నడిచాడు. ఎదురొచ్చిన వాళ్లంతా వంగి వంగి దూరారు. పాట ముగిసేసరికి జడ నిండుగా వచ్చింది.

స్వామి లేచి వచ్చి లింగారెడ్డి చేతిలోని తాడు అందుకుని గట్టిగా విదిలించాడు. ఏ తాడు కిందా దూరకుండా పైపైనే చుట్టుకున్న ఆ తాడు జడ మీంచి చుట్లు చుట్లుగా జారి, విడిగా వచ్చి వేలాడింది. మిగతా జడ చెక్కు చెదరలేదు. స్వామి తాడు మళ్లీ అతని చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

లింగారెడ్డి ఆ తాడు పట్టుకుని, అది లేకున్నా నిండుగానే ఉన్న జడ వంక చూశాడు. సిగ్గేసింది. సిగ్గుకంటే ఎక్కువ బాధేసింది. అంతమందితో ఆడాడు గానీ, ఎవరితోనూ ఆడినట్టు లేదు.

మర్నాడు మామ ముందు వరసలో మీసం దువ్వుకుంటూ కూర్చున్నాడు. మద్దెల మోగింది. ఈసారి స్వామి కూడా ఒక తాడు పట్టుకున్నాడు. ఎదురుగా ఓబులేసు రానే వచ్చాడు. నిన్నటి అలవాటు కొద్దీ వంగాడు. సరిగ్గా అప్పుడే లింగారెడ్డీ వంగాడు. ఇద్దరి తలలూ ఠంగుమన్నాయి.

జనం గొల్లుమన్నారు. ఓబులేసు బిక్కచచ్చిపోయాడు.

“తప్పయిపాయ రెడ్డీ!”

“తప్పు నాదేలే ఓబులేసూ! నువ్వు చెయ్యెత్తు. తాళం పోతాంది!”

ఓబులేసు చెయ్యెత్తాడు. లింగారెడ్డి దూరాడు. ఆ తర్వాత ఇంకొకరు అతని చెయ్యి కింద దూరారు. మద్దెల జోరందుకుంది. తలపాగా ఊడి ఎక్కడో పడింది. ఎవరు ఎటు వస్తున్నారో, తను ఎవరికి ఎదురు పోతున్నాడో చూడ్డం మానేశాడు లింగారెడ్డి. చిన్నపిల్లాడిలా నవ్వుతూనే ఉన్నాడు.

జడ అల్లడం అయింది. పాట ఆగింది. మామ మొహం ఎర్రగా చేసుకుని లేచి వచ్చాడు.

“ఏమల్లుడా! ఎవని చెయ్యి కింద వంగినావో చూసుకున్న్యావా?”

లింగారెడ్డి రొప్పుతూ గుర్తు చేసుకోబోయాడు. ఎవరిదైతేనేం అనిపించి, మళ్లీ నవ్వొచ్చింది.

“పాట పోతాంటే చూసుకునే తీరిక ఏడుంది మామా!”

ఇంతలో వెనక్కి తిరుగుతూ జడ విప్పే పాట మొదలైంది. స్వామి తన చేతిలోని తాడు మామ ముందుకు చాచాడు.

“పెద్దాయనా, నాకు ఆయాసమొస్తాంది. ఇది కాసేపు పట్టుకుంటావా?”

మామ తాడును చూశాడు, అల్లుణ్ణి చూశాడు. అప్పటికే అందరూ అడుగు కదిపారు. ఆయన గబగబా చెప్పులు విడిచాడు.