సన్నయ్య అల్లిన అరుగు

ఊరికి దూరంగా, పాడుబడ్డ దిగుడుబావి మీదికి వాలిన తుమ్మచెట్టు ఒకటుంది. దాని కొసకొమ్మలకి ఇరవై దాకా గిజిగాళ్ల గూళ్లు వేలాడుతుంటాయి. చుట్టూ ముళ్లు, కింద నీళ్లు. గూట్లోకి పోవాలంటే నున్నటి గొట్టంలోంచి పైకి ఎగబాకాలి. పాము పాకితే జారి బావిలో పడుతుంది. కాకి వస్తే కాలు మోపే చోటు దొరక్క, రెక్కలు టపటపలాడించి అలిసిపోయి తిట్టుకుంటూ పోతుంది. తాతల నాటి నుంచీ గిజిగాళ్లు గూడు ఇలాగే అల్లుతున్నారు. గూటికి బయట కాలు మోపే పట్టు ఎందుకు ఉంచరని ఏ పిల్లా అడగలేదు, ఏ పెద్దా చెప్పలేదు. ఈ కథలో ఏడుపంతా అక్కడే ఉంది.

ఆ చెట్టు మీద సన్నయ్యంత పనిమంతుడు లేడు. చెరుకాకు అంచు ముక్కుతో పట్టి సర్రున చీల్చాడంటే, మూరెడు పోచ తెగకుండా వచ్చేది. పైడమ్మ ఆరుగురి గూళ్లు చూసి ఆరింటికీ వంకలు పెట్టింది. సన్నయ్య గూడు చూశాక మాత్రం మారు మాట్లాడకుండా లోపలికెళ్లి కూర్చుంది. గిజిగాళ్లలో పెళ్లంటే అంతే. కిందటేడు గాలివానకి కొమ్మ విరిగి, గూడూ గుడ్లూ బావి పాలయ్యాయి. ఈ ఏడు మళ్లీ మూడు గుడ్లు పెట్టింది. ఆ మూడింటి మీదే ఇద్దరి ప్రాణాలూ.

పొదగడం పైడమ్మ పని. గూడు పూర్తయ్యాక సన్నయ్యకి పొద్దు గడిచేది కాదు.

"ముక్కు ఊరుకోవడం లేదే పైడీ! ఏదో ఒకటి అల్లకపోతే తిండి సయించడం లేదు."

"అల్లడానికి ఇంకేముంది? ఇల్లయింది, గొట్టమయింది. కాస్త నా దగ్గర కూర్చోరాదూ?"

"ఊరికే ఎలా కూర్చోను?"

బావిగట్టు మీది రాతిస్తంభం ఎక్కి, నల్లత్త ఈ మాటలన్నీ వింటూనే ఉంది. నల్లత్త అంటే ముసలి కాకి. ఒక కన్ను మసక, రెండో కంటికి మాత్రం ఆవలి ఒడ్డున పాకే పురుగు కూడా కనిపిస్తుంది.

"ఎంత పనితనం అల్లుడూ!" అంది స్తంభం మీంచే. "నేను పుల్లలు పోగేసి గూడంటాను. నీ ముందు సిగ్గేస్తుంది."

సన్నయ్య ఉబ్బిపోయాడు. "ఏదో మీ అభిమానం అత్తా."

"కానీ ఒక మాట అంటాను, ఏమీ అనుకోకు. ఈ కొమ్మ గూడూ ఆ కొమ్మ గూడూ ఒక్కలాగే ఉన్నాయి. ఇంత నేర్పున్నవాడివి, నలుగురు అల్లిందే నువ్వూ అల్లితే ఎలా?"

ఆ రాత్రంతా ఆ మాట అతన్ని ముల్లులా పొడిచింది. తెల్లారగానే స్తంభం దగ్గరికెళ్లి తనే అడిగాడు. "ఏం అల్లమంటారు అత్తా?"

"తొందరెందుకు? గుమ్మానికి ఓ తోరణం అల్లు. ఇల్లన్నాక కళ ఉండాలి కదా!"

తోరణం అల్లాడు. చెట్టంతా వచ్చి చూసింది. మర్నాడు నల్లత్త గొట్టం చివర కుచ్చులు వేయమంది. వేశాడు. ఆ మర్నాడు గూటి నడుముకి జడ అల్లిక పట్టీ చెప్పింది. అదీ అయింది. పొద్దున్నే స్తంభం దగ్గరికెళ్లి ఇవాళేం అల్లాలో అడిగి రావడం సన్నయ్యకి అలవాటైపోయింది. అంత సంతోషంగా అతను ఎప్పుడూ లేడు.

"ఆ కాకికి మన గుమ్మం మీద ఇంత శ్రద్ధేంటి?" అంది పైడమ్మ లోపల్నుంచి.

"ఆవిడకి పని విలువ తెలుసు. నీకు తెలీదు."

అనేశాక తనకే బాధనిపించింది. కానీ అప్పటికే పైడమ్మ మొహం అటు తిప్పేసుకుంది. తర్వాత బతిమాలుకోవచ్చులే అనుకుని పోచలకి పోయాడు.

నాలుగో రోజు నల్లత్త నిట్టూర్చింది. "అన్నీ ఉన్నాయి అల్లుడూ. అరుగొకటే లేదు."

"అరుగా?"

"అరుగు లేని ఇల్లు ఎక్కడైనా చూశావా? రేపు పిల్లలు పుడతారు. చూడటానికి నలుగురూ వస్తారు. వచ్చినవాళ్లు గాల్లో నిలబడి పలకరిస్తారా? గూటి కిందగా, పొట్టకి ఆనించి, చిన్న అరుగు వేలాడదియ్యి. ఈ చెట్టు మీద ఇంతవరకూ ఏ గిజిగాడూ అల్లలేదు. నువ్వే మొదటివాడివవుతావు."

పైడమ్మ గొట్టంలోంచి తల బయటపెట్టింది. "మనింటికి చుట్టాలెప్పుడొచ్చారు? వచ్చినా మన జాతివాళ్లకి అరుగెందుకు? గొట్టం పట్టుకుని వేలాడతారు. వద్దు, నా మాట విను."

"పోనీలే తల్లీ, వద్దంటే మానేద్దాం," అంది నల్లత్త మెత్తగా. "అయినా గడ్డి అరుగు ఎంత బరువు మోస్తుందిలే! నాలాంటిది కూర్చుంటే రెండు పోచలు కూడా నిలవవు."

పైడమ్మ చెప్పిన మాటలన్నీ ఈ ఒక్క మాటతో గాల్లో కలిసిపోయాయి.

"నిలవవా?" అన్నాడు సన్నయ్య. "నా అల్లికా?"

"కోపమెందుకు అల్లుడూ? గడ్డి గడ్డే కదా."

"మీరే కూర్చుందురు గాని. కూర్చుని చూసి అప్పుడు చెప్పండి!"

మూడు రోజులు అల్లాడు. ఒక వరస సరిపోదని దాని మీద రెండో వరస, దాని మీద మూడోది. అంచులకి ఈతాకు పీచు మెలేసి కట్టాడు. తిండి తినలేదు. పైడమ్మ పిలిస్తే "ఇదిగో, ఈ వరస అయిపోనీ" అన్నాడు. మిగతా గిజిగాళ్లు వచ్చి చూసి, ఇదేం కొత్త వింత అని నవ్వి, లోలోపల మాత్రం కుళ్లుకుని పోయారు. వాళ్లలో ఒక్కడికైనా భయం వేసుంటే బాగుండేది.

నల్లత్త రోజూ దూరం నుంచే అడిగేది. "ఎండిందా అల్లుడూ?"

"ఇంకా పచ్చిగానే ఉంది."

"నిదానంగా ఎండనీ. పచ్చిమీద కూర్చుంటే సాగిపోతుంది, నీ పని పాడవుతుంది."

ఎంత మంచి మనసు, అనుకున్నాడు సన్నయ్య.

మూడు ఎండలు కాశాయి. అరుగు బిగిసి చెక్కలా గట్టిపడింది. సన్నయ్య దాని మీద ఎగిరి దూకి చూశాడు, కదల్లేదు.

"ఎండింది అత్తా!" అని అరిచాడు.

"నాకు తెలుసు అల్లుడూ, నువ్వు సాధిస్తావని," అంది నల్లత్త. "అన్నట్టు, పిల్లలకి ఊయల ఒకటి మిగిలిపోయింది. కాలువ అవతల తోటలో మెత్తటి చెరుకాకు ఉంది. ఇవాళే తెచ్చుకో, రేపటికి ముదిరిపోతుంది."

ఊయల! ఇన్నాళ్లూ తనకెందుకు తోచలేదు? సన్నయ్య రివ్వున ఎగిరిపోయాడు. తోటంతా తిరిగి, మెత్తటి ఆకు ఏరి, పొడుగాటి పోచ చీల్చాడు. ఊయల ఎక్కడ కట్టాలో, ఏ అల్లిక వేయాలో అనుకుంటూ తిరిగొస్తుంటే, బావి ఇంకా కనబడకముందే పైడమ్మ కేకలు వినబడ్డాయి.

నల్లత్త అరుగు మీద రెండు కాళ్లూ ఆనించి నింపాదిగా నిలబడి ఉంది. గూటి పొట్ట చీలిపోయి పోచలు బయటికి వేలాడుతున్నాయి. పైడమ్మ నల్లత్త తల మీద, వీపు మీద పొడుస్తోంది, అరుస్తోంది, మళ్లీ పొడుస్తోంది. గిజిగాడి ముక్కు కాకిని ఏం చేస్తుంది! సన్నయ్య కూడా కాకి మీదికి దూకాడు. అప్పటికే మూడో గుడ్డు పెంకు బావిలోకి రాలింది.

నల్లత్త ముక్కు అరుగు అంచుకి తుడుచుకుంది.

"గట్టిగా ఉంది అల్లుడూ. నేనే తప్పుగా అన్నాను," అంది. "ఇన్నేళ్లుగా ఈ చెట్టు చుట్టూ తిరుగుతున్నాను. కాలు నిలపడానికి చోటిచ్చినవాడివి నువ్వొక్కడివే."

ఎగిరిపోయింది. అంత బరువు లేచినా అరుగు ఊగనైనా ఊగలేదు.

చిరిగిన గూడు గాలికి అటూ ఇటూ తిరుగుతోంది. తోరణం అలాగే ఉంది. కుచ్చులూ అలాగే ఉన్నాయి.

"చూడు," అంది పైడమ్మ. ఏడ్చి ఏడ్చి ఆమె గొంతు పోయింది. "ఇల్లు పోయింది, పిల్లలు పోయారు. నీ అరుగు మీద ఒక్క పోచ కూడా ఊడలేదు."

ఆమె పక్కకొమ్మ మీదికి వెళ్లి కూర్చుంది. మర్నాటికి ఆ కొమ్మ మీదా లేదు.

సన్నయ్య అరుగు విప్పడానికి కూర్చున్నాడు. ఒక ముడి పట్టి లాగాడు, రాలేదు. ఇంకోటి లాగాడు, అదీ రాలేదు. మూడు వరసలు, ఎండకి బిగిసిన ముడులు, ఒక్కొక్కటీ తన చేతి పనే. పుట్టి బుద్ధెరిగాక అల్లడమే గాని విప్పడం అతను ఏనాడూ నేర్చుకోలేదు. ముక్కు చివర నెత్తురొచ్చినా ఒక్క ముడీ వదల్లేదు. ఊయలకి తెచ్చిన పోచ కొమ్మ మీద పడి, ఎండకి చుట్టుకుపోయింది.

చేతికి పని దొరికిందని సంబరపడే ముందు, ఆ పని ఎవరికి అక్కరకొస్తుందో ఒక్కసారి ఆలోచించుకోవాలి.