తెర వెనక పాట

జమీందారుగారు పాడితే దివాణమంతా "ఆహా" అనేది. ఆ పాటే ప్లేటు మీదికెక్కి గ్రామఫోనులో మోగితే మాత్రం గేదె దగ్గినట్టుండేది.

"పెట్టె చెడింది. బాగుచెయ్, లేదా ఊరొదిలి పో!" అన్నారు దొర, మరమ్మతుల సూరాచారితో.

విప్పి చూస్తే పెట్టెలో ఏ లోపమూ లేదు. ఆ మాట పైకంటే ఊరు దక్కదు. ఆచారి పెట్టె ముందు తెర కట్టించి, దాని వెనక దొరనే గుట్టుగా పాడమని బతిమాలాడు. బయటికొచ్చి కొలువువాళ్ళతో, "పెట్టె బాగుపడిందేమో వినండయ్యా" అన్నాడు. తెర వెనక దొర పాటందుకున్నారు.

"ఎక్కడ బాగుపడిందీ? అదే గేదె! దొరవారి గొంతుకూ దీనికీ పోలికా?" అన్నారు కొలువువాళ్ళు.

ఆచారి తెర లాగేశాడు. వెనక ఉన్నది దొరే!

"దొరా, పెట్టె విన్నది విన్నట్టే పలుకుతోంది. వీళ్ళలా పలికేట్టు చెయ్యమంటారా?"

దొర పగలబడి నవ్వారు. "వద్దులే, అందుకు వీళ్ళున్నారుగా! నువ్వు ఊళ్ళోనే ఉండు."